నాలుగో ఊపిరి

మార్గశిర శుద్ధ చవితి

నిన్న మధ్యాహ్నం ఊరు ఖాళీ అయింది. చివరి బండి గుట్ట దిగి కనుమరుగయ్యేదాకా ఆశన్న కాక చేను గట్టుమీద నిలబడి చూశాడు. ఏటా ఆ బండిలో ఆయనా పోయేవాడు. చలికాలం నాలుగు నెలలూ అందరూ కింద పట్నంలోని వేడి హాలులో ఉండాలని ఉత్తరువు. ఈసారి గుట్టమీద ఉండిపోవడానికి అనుమతి ఉన్నది ముగ్గురికే. ఆశన్న కాక, ఆయన భార్య రుక్మవ్వ, నేను.

నా పేరు స్వరూప. ఇళ్ళు గీయడం నా పని. చేను మధ్యలో ఉన్న ఈ ఇల్లు నేను గీసి, దగ్గరుండి కట్టించిందే. నా ఇంట్లో నన్నే చలికాలం గడిపి, జరిగింది జరిగినట్టు రాయమంది ఇళ్ళ సంఘం. ఇల్లు నిలిస్తే వచ్చే ఏడు ఈ గుట్టలమీద ఇలాంటివి మూడు వందలు కడతారు. ఆ మూడు వందల కుటుంబాలు హాలుకు పోనక్కర్లేదు. నిలవకపోతే ఈ మాట మళ్ళీ ఎవరూ ఎత్తరు.

ఇంట్లో పొయ్యి లేదు. గోడలు రెండు మూరల మందం, యవల గడ్డి కట్టలు పేర్చి ఇరువైపులా సున్నం కలిపిన మట్టి మెత్తినవి. పైకప్పు నిండా పత్తి. ఆకాశానికి ధూళి తెర కప్పకముందు ఈ నేలలో పత్తి పండేదట, ఇప్పుడు పండదు. ఊరివాళ్ళు తాతలనాటి పరుపులు విప్పి ఇచ్చారు. దక్షిణం వైపు అద్దాల వసారా, దాని వెనక నల్లరాతి గోడ. తెర చాటునుంచి వచ్చే పలచటి ఎండను ఆ గోడే తాగి, పొద్దు గూకాక ఇంట్లోకి వదులుతుంది. ఉత్తరం వైపు కిటికీ లేదు. అటు ఉన్నది ఒక్క విత్తనాల గది. ఊరందరి ఆలుగడ్డ విత్తనం బస్తాలు అందులో ఉన్నాయి.

ఇంత బిగించిన ఇంట్లో గాలి ఆడదు. అందుకు గాలిపెట్టె ఉంది. లోపలి పాడుగాలి బయటికి పోతూ పోతూ తన వేడిని సన్నటి రేకుల మీదుగా కొత్త గాలికి అప్పజెప్పి పోతుంది. నడిమింట్లో గోడకు సెల్లుతో నడిచే మీటరు ఉంది. మనం వదిలే పాడుగాలి ఎంత పేరుకుందో అది చెబుతుంది. బయటి గాలిలో అది నాలుగు వందలు చూపిస్తుంది. ముగ్గురం లోపలుంటే ఎనిమిది వందల దగ్గర నిలవాలి. ఆ అంకెలు సాయంత్రం తీగ మీద వాటంతటవే సంఘానికి పోతాయి. పక్కన నేనొక మాట రాయాలి.

ఈ రోజు ఎనిమిది వందలే. బయట సున్నాకు తొమ్మిది కింద, లోపల పద్దెనిమిది డిగ్రీలు.

"మంచిగనే ఉన్నది గని బిడ్డా," అంది రుక్మవ్వ కరెంటు కుక్కర్లో అంబలి కలుపుతూ. "పొయ్యి లేని ఇంట్ల ఎవలింటికో సుట్టం పోయినట్టున్నది."

శుద్ధ నవమి

రెండు రోజుల నుంచి మీటరు తొమ్మిది వందల ముప్పై దగ్గర నిలుస్తోంది.

పెద్ద ప్రమాదమేమీ కాదు. కానీ నేను వేసిన లెక్క ఇంత తప్పడానికి కారణం కనబడటం లేదు. పెట్టె రేకుల మధ్య మంచు పట్టిందేమోనని విప్పి చూశాను. శుభ్రంగా ఉంది. మీటరు చెడిపోయిందేమోనని బయటికి తీసుకుపోయి చూశాను. సరిగ్గా నాలుగు వందలు చూపించింది.

మిగిలింది బర్రెల కొట్టం. అది వసారా పక్కన ఇంటి గోడకు ఆనుకుని ఉంది. గోడలో ఎక్కడైనా పగులుంటే బర్రెల ఊపిరి ఇంట్లోకి రావచ్చు. ఆశన్న కాక, నేను పొద్దంతా గోడ తడుముతూ మట్టి మెత్తాం. ఆయన యాభై దాటిన మనిషి, మాట తక్కువ. చేతికి అంటిన మట్టి దులుపుకుంటూ ఒక్కటే అడిగాడు.

"ఇల్లు కారుతున్నదా బిడ్డా?"

"ఇంకా తెల్వదు కాకా."

"కారుతదని రాస్తె ఇల్లు తీస్కుంటరు గదా."

అవునన్నాను. ఆయన మళ్ళీ మట్టి పిసికాడు.

శుద్ధ ద్వాదశి

గోడ మెత్తినా అంకె దిగలేదు.

ఆలుగడ్డలు కూడా ఊపిరి తీస్తాయి. బస్తాల్లో ఏవైనా మొలకెత్తడం మొదలుపెడితే పాడుగాలి పెరుగుతుంది. గది తెరిచి చూస్తానన్నాను. రుక్మవ్వ చేతిలో చేట కింద పెట్టి లేచింది.

"విత్తనం గదిలకు నేనే పోత. పది చేతులు తాకితె విత్తనం చెడుతది."

"చూసి వస్త చిన్నమ్మా, ముట్టుకోను."

"నేను చూస్త అంటున్న గద."

ఆమె లోపలికి పోయి, కాసేపటికి వచ్చి, మొలకలేమీ లేవని చెప్పింది. తలుపు వెంటనే వేసేసింది. ఇన్నాళ్ళలో ఆమె నాతో కటువుగా మాట్లాడటం ఇదే మొదలు. ఆశన్న కాకకు కూడా వింతగానే అనిపించినట్టుంది, భార్య వైపు చూశాడు. ఆమె చేట తీసుకుని అటు తిరిగి కూర్చుంది.

సంఘం నుంచి తనిఖీ అధికారి నర్సింగరావు గారు తీగ మీద అడిగారు, "అంకె ఎందుకు పెరిగింది? కారణం రాయండి." చూస్తున్నానని రాశాను.

మార్గశిర పున్నమి

ఈ రోజు జరిగింది రాయాలా వద్దా అని సాయంత్రం దాకా తేల్చుకోలేకపోయాను. ఈ పుస్తకంలో రాస్తున్నాను. తీగ మీద పంపలేదు.

ఇల్లు ఖాళీగా ఉంటే మీటరు ఏం చూపిస్తుందో తెలిస్తే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుందని పొద్దున తట్టింది. ఎండ కాస్త బాగానే వచ్చింది. వసారాలో కూర్చుని బఠాణీలు ఒలుద్దామని ఇద్దరినీ పిలిచాను. వసారా గాలి ఇంటి గాలిలో కలవదు, మధ్య తలుపు గట్టిగా పడుతుంది. తలుపుకున్న చిన్న అద్దంలోంచి మీటరు కనబడుతుంది.

బఠాణీలు ఒలుస్తూ నేను అద్దం వైపే చూస్తున్నాను. అంకె దిగుతూ వచ్చింది. ఎనిమిది వందలు, ఏడు, ఆరు. రుక్మవ్వ రెండుసార్లు లేవబోయింది. నీళ్ళకోసమని ఒకసారి, బొంత తెస్తానని ఒకసారి. తలుపు తీస్తే లెక్క పోతుందని ఆపాను. మూడోసారి ఆమె లేవలేదు. కానీ ఒలిచిన గింజలు పొట్టులో వేస్తోంది, పొట్టు గిన్నెలో వేస్తోంది.

అంకె ఐదు వందల ముప్పై దగ్గర ఆగింది. పొద్దు వాలుతోంది. అది నాలుగు వందలకు దిగాలి. దిగలేదు.

గోడ పగులు కాదు, ఆలుగడ్డలు అంత ఊపిరి తియ్యవు. ఒక్కో మనిషికి నేను వేసుకున్న లెక్క సరిగ్గా నూట ముప్పై. ఖాళీ ఇంట్లో ఎవరో ఊపిరి తీస్తున్నారు.

ఆశన్న కాక బర్రెలకు గడ్డి వెయ్యడానికి కొట్టంలోకి పోయాడు. నేను తలుపు తీసుకుని ఇంట్లోకి నడిచాను. రుక్మవ్వ నా వెనకే వచ్చింది, నన్ను దాటుకుని విత్తనాల గది తలుపుకు అడ్డంగా నిలబడింది.

"తియ్యకు బిడ్డా."

"లోపట ఎవరున్నరు చిన్నమ్మా?"

నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపాను. గట్టిగా ఎదురు నిలవలేదు.

బస్తాల వెనక రెండు బొంతలు కప్పుకుని ఒకామె కూర్చుని ఉంది. యాభై ఏళ్ళుంటాయేమో. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. కళ్ళు జ్వరంతో మెరుస్తున్నాయి. ఆ గదిని ఆలుగడ్డల కోసం నాలుగు డిగ్రీల దగ్గర ఉంచుతున్నాం. అందులో ఆమె వారం రోజులుగా ఉంటోంది.

"గంగుబాయి," అంది రుక్మవ్వ నా వెనక నుంచి. "ఆయన మొదటి పెండ్లాం."

గుసగుసగా, కొట్టం తలుపు వైపు చూస్తూ మిగతాది చెప్పింది. ఆశన్న కాక, గంగుబాయి విడిపోయి పన్నెండేళ్ళు దాటింది. ఆమె హాలులో బట్టలుతికే పని చేస్తోంది. ఈ మధ్య దగ్గు పట్టుకుంది. హాలులో దగ్గేవాళ్ళను వేరే షెడ్డులో పెడతారు. అందులోంచి నడిచి బయటికొచ్చినవాళ్ళు తక్కువ. ఆ సంగతి తెలిసి రుక్మవ్వే చివరి బండివాళ్ళతో ఆమెకు కబురు పంపింది. నేను వసారా పైకెక్కి అద్దాలకు పట్టిన మంచు గీకుతున్నప్పుడు, ఆయన కొట్టంలో ఉన్నప్పుడు, గుట్ట ఎక్కి వచ్చిన ఆమెను లోపలికి తీసుకొచ్చింది.

"ఎందుకు చిన్నమ్మా? అనుమతి పట్టాల ముగ్గురి పేరే ఉన్నది. తెలిస్తె ఇల్లు పోతది."

"ఈ చేను ఆమె తల్లిది," అంది రుక్మవ్వ. "ఆమె చేన్ల ఇల్లు కట్టుకొని, ఆమెను షెడ్డుకు పంపుదునా?"

"కాకకు చెప్పరాదా?"

"ఆయన ఉత్తరువు దాటడు. ఇద్దరి నడుమ ఉన్నది నీకు తెల్వదు."

గంగుబాయి గుడ్డ తీసి అంది, "నాలుగు దినాలు ఓర్చుకో బిడ్డా. జొరం తగ్గితె పోత."

ఎక్కడికి పోతుంది. ఊళ్ళో మిగతా ఇళ్ళన్నీ గడ్డకట్టి ఉన్నాయి.

సాయంత్రం తీగ మీద, "మీటరు తేడాగా ఉంది, సరిచేస్తున్నాను," అని పంపాను.

బహుళ తదియ

నర్సింగరావు గారి జవాబు వచ్చింది. మీటరు తేడా అయితే పరీక్ష చెల్లదట. ఇల్లే తేడా అయితే ఖాళీ చేయించి అందరినీ హాలుకు తీసుకుపోతారట. ఏదో ఒకటి రాయమన్నారు.

పెట్టె ఫ్యానును కొంచెం పెంచాను. అంకె దిగింది. దానితోపాటు వేడి కూడా. పద్దెనిమిది ఉండే ఇల్లు పదిహేనుకు వచ్చింది. ఆశన్న కాక చేతులు చంకల్లో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఆయన ఎదురుపడితే నేను తల తిప్పుకుంటున్నాను.

ఆయన కొట్టంలో ఉన్నప్పుడల్లా గంగుబాయి నడిమింట్లోకి వచ్చి నల్లరాతి గోడకు వీపు ఆనించి కూర్చుంటుంది. అరచేత్తో గోడను తడిమి చూస్తుంది. "ఇది మా అవ్వ వడ్లు ఆరబోసిన బండల జాగ," అంది ఈ రోజు. ఆమెకు అంబలి పోస్తూ రుక్మవ్వ చెవి కొట్టం వైపే పెట్టింది. అడుగుల చప్పుడు వినగానే ముగ్గురం లేస్తాం. నేను గీసిన ఇంట్లో నేనే దొంగలా తిరుగుతున్నాను.

బహుళ సప్తమి

తెల్లారింది గానీ వెలుగు రాలేదు. ఈదురుగాలి నిన్న మొదలై ఇంకా తగ్గలేదు. పొడి మంచు అద్దాలకు అడ్డంగా కొడుతోంది. వసారాలోంచి చూస్తే చేను గట్టు కూడా కనబడదు. మధ్యాహ్నం తీగ తెగింది. కరెంటు పోయింది.

ఇలాంటి రోజు కోసమే ఇల్లు కట్టింది. ఎండ లేకపోయినా, కరెంటు లేకపోయినా, గాలిపెట్టెను బ్యాటరీ తిప్పుతుంది. మెల్లగా తిప్పితే ముగ్గురికి ఆరు రోజులు వస్తుందని లెక్క. నలుగురికి అదే గాలి చాలదు. ఎక్కువ తిప్పితే బ్యాటరీ తొందరగా అయిపోతుంది, ఇల్లు చల్లబడుతుంది. తక్కువ తిప్పితే ఊపిరి బరువెక్కుతుంది. గంటకోసారి ఆ పెట్టె ముందు కూర్చుని ఫ్యాను కొంచెం పెంచి, కొంచెం తగ్గించి చూస్తున్నాను. గాలి కొనాలంటే వేడి ఇవ్వాలి, వేడి కావాలంటే గాలి ఇవ్వాలి.

ఇంట్లో పదమూడు. విత్తనాల గదిలో రెండు. అక్కడ మనిషి ఉంది.

బహుళ నవమి

అందరికీ తలనొప్పి. మీటరు రెండు వేలు దాటింది. రుక్మవ్వ గోడకు జారగిలబడి కళ్ళు మూసుకుంది. మధ్యాహ్నం నేను కూర్చున్నచోటే కునికాను. లేచేసరికి ఆశన్న కాక కనబడలేదు.

వసారా తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. చేతిలో ఇనుప కుంపటి. కొట్టంలోనే రాజేసుకుని తెచ్చాడు, బొగ్గులు ఎర్రగా కణకణలాడుతున్నాయి. దాన్ని ఎప్పుడు దాచాడో నాకు తెలియదు.

నేను లేచి దారికి అడ్డం నిలబడ్డాను.

"కాకా, లోపలికి వద్దు."

"విత్తనం గడ్డకడుతది. ఆ గది తలుపు కాడ పెడుత. ఊరందరి విత్తనం అది, నా ఒక్కనిది కాదు."

"బొగ్గుల గాలి విషం. ఈ ఇంట్ల సందు లేదు. పొద్దు గూకేలోపల అందరం నిద్రల పోతం."

"మా తాత ముత్తాతలు కుంపటి కాడనే బతికిండ్రు."

"ఆ ఇండ్లకు సందులుండె కాకా. చలి వచ్చే సందులనుంచే విషం బయటికి పోయేది."

ఆయన కుంపటి దింపలేదు. వేడికి ముఖం ఎర్రబడింది. గొంతు పెంచకుండానే అన్నాడు.

"నీ మాట నమ్మి పొయ్యి లేకుంట ఇల్లు కట్టుకున్న. ముగ్గురికి గాలి సరిపోతదంటివి. ముగ్గురమే ఉన్నం. మల్ల ఎందుకు సరిపోతలేదు? నీ లెక్క తప్పు. ఇంకా నీ లెక్కనే వినుమంటవా?"

ఒక అడుగు ముందుకేశాడు. గది తలుపు అవతల, మూరెడు దూరంలో, గంగుబాయి ఉంది. కుంపటి అక్కడ పెడితే ముందు పోయేది ఆమె. రుక్మవ్వ కళ్ళు తెరిచి నా వైపు చూసింది. చెప్పవద్దని ఆ చూపు. తొమ్మిది రోజులు ఆ చూపునే పట్టుకుని ఉన్నాను.

"ముగ్గురం కాదు కాకా," అన్నాను. "నలుగురం."

అర్థం కాక నిలబడ్డాడు. అప్పుడు విత్తనాల గది తలుపు తనంతట తనే తెరుచుకుంది. గంగుబాయి గడప పట్టుకుని నిలబడింది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బొగ్గులు చిటపటమన్నాయి.

"కుంపటి బయట పెట్టు," అందామె. "పిల్ల నిజమే చెప్తున్నది. నా ఊపిరే ఎక్కువైంది."

ఆయన వెనక్కి తిరిగాడు. వసారా దాటి బయటి తలుపు తీసి కుంపటిని మంచులో కుమ్మరించాడు. చుయ్‌మన్న చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది. తరువాత కొట్టంలోకి పోయి బర్రెల దగ్గర కూర్చున్నాడు. రుక్మవ్వ రెండుసార్లు వసారాదాకా పోయి తిరిగొచ్చింది.

బాగా పొద్దుపోయాక వచ్చాడు. ఎవరి ముఖమూ చూడకుండా అన్నాడు.

"ఆ గదిల చలికి మనిషి ఆగుతదా? బొంతలు నడిమింట్లకు తెండి."

బహుళ దశమి

చలికి బ్యాటరీ మూడు రోజులకే ఆగిపోయింది.

గాలిపెట్టెకు చేతిపిడి ఉంది. అవసరం పడదనుకుంటూనే పెట్టించాను. మిగతా గదుల తలుపులు మూసి, సందుల్లో గోనెసంచులు కుక్కి, అందరం నడిమింట్లోనే చేరాం. నాలుగు ఒళ్ళ వేడి ఒక్క గదిలో నిలిచింది, తొమ్మిదికి పడిన ఇల్లు పదకొండుకు ఎక్కింది. పిడి ఒకరి తరువాత ఒకరం తిప్పాలి. ఆపితే చాలు, అంకె మూడు వేల వైపు పరిగెత్తుతుంది.

నేను తిప్పాను. రుక్మవ్వ తిప్పింది. ఆశన్న కాక తిప్పాడు. తరువాత గంగుబాయి లేచి పిడి పట్టుకుంది. నాలుగు చుట్లు తిప్పేసరికి దగ్గు తెర కమ్మి వంగిపోయింది. ఆశన్న కాక ఆమె చేతిలోంచి పిడి తీసుకున్నాడు. ఆమె వంతు అప్పటి నుంచీ ఆయనే తిప్పుతున్నాడు.

తిప్పుతూ తిప్పుతూ, గోడతో మాట్లాడుతున్నట్టు అన్నాడు.

"నేను వద్దంటె వాళ్ళు ఊకుందురా?"

దేని గురించో రుక్మవ్వకు తెలుసు, నాకు తరువాత తెలిసింది. ఆశన్న కాకకూ గంగుబాయికీ ఒక కొడుకు ఉండేవాడు. పేరు ముత్తన్న, నాలుగేళ్ళవాడు. మొదటిసారి ఉత్తరువు వచ్చిన చలికాలం, జ్వరంతో ఉన్న పిల్లవాడిని ఆశన్న కాక భుజాన వేసుకుని హాలు బండి ఎక్కాడు. అంత జనం మధ్య పిల్లవాడు పది రోజులు కూడా ఉండలేదు.

"ఊకోకపోదురు," అంది గంగుబాయి. "కని నువ్వు అడుగలే."

పిడి తిరుగుతూనే ఉంది.

"పిల్లగానికి జొరమున్నది, నాలుగు దినాలు ఆగుతం అని నువ్వు అడుగనే లేదు. ఉత్తరువు అన్నరు, ఎక్కినవు. వాడు సచ్చిండని కాదు నేను పోయింది."

నేను వంతు తీసుకుంటానని లేస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. చెమట పట్టి చొక్కా వీపుకు అంటుకునేదాకా తిప్పుతూనే ఉన్నాడు.

మార్గశిర అమావాస్య

ఈదురుగాలి నిన్ననే ఆగింది. ఈ రోజు తీగ కలిసింది. ఫ్యాను తనంతట తాను తిరగడం విని నలుగురం కాసేపు కదలకుండా కూర్చున్నాం. నా అరచేతులు పుండ్లయ్యాయి.

గోడవారన ఉన్న ఒక్క బస్తా గడ్డకట్టి నల్లబడింది. మిగతా విత్తనం బాగానే ఉంది.

తుఫాను రోజుల అంకెలన్నీ సంఘానికి పోతాయి. పక్కన నేను మాట రాయాలి. మీటరు తేడా అని ఇంకోసారి రాస్తే పరీక్ష చెల్లదని ఇంటిని కొట్టేస్తారు. ఈ ఇల్లు నలుగురిని బతికించింది. అది రాయాలంటే నాలుగో మనిషి పేరు రాయాలి.

"ఏం రాస్తున్నవ్?" అన్నాడు ఆశన్న కాక.

"ఇంకా రాయలే. మిమ్మల్ని అడిగి రాద్దామని."

ఆయన రుక్మవ్వ వైపు, గంగుబాయి వైపు చూశాడు. రుక్మవ్వ తల దించుకుంది. గంగుబాయి, "రాయి బిడ్డా. ఎన్నాళ్ళు దాగుదు," అంది.

రాసి పంపాను. మొదట అబద్ధం రాసింది నేనేనని కూడా రాశాను.

పుష్య శుద్ధ తదియ

నర్సింగరావు గారు గొలుసులు కట్టిన ట్రాక్టరు మీద వచ్చారు. గాలిపెట్టె విప్పించి చూశారు, గోడల్లో చెయ్యి పెట్టి చూశారు. పిడి దగ్గర ఆగారు.

"ముగ్గురి పెట్టెతోని నలుగురు బతికిండ్రా?" అన్నారు. నమ్మలేనట్టు ఇంకోసారి అడిగారు. తరువాత వసారాలో నిలబడి, మా ముఖాలు చూడలేక కాబోలు, చేను వైపు చూస్తూ చెప్పారు.

"అనుమతి ముగ్గురికి. నాలుగో మనిషి బండెక్కాలె."

"ఆమెకు దగ్గున్నది. షెడ్డుల పెడితె బతకది సార్," అన్నాను.

"నాకు తెల్వదా అమ్మా? నేను చూసీ చూడనట్టు పోతె, రేపు ప్రతి పాతింట్ల పదిమంది దాక్కుంటరు. ఆ ఇండ్లు ఇట్లాంటియి కావు. పోయిన ఏడు ఒక ఇంట్ల ఐదుగురు బిగుసుకపోయిండ్రు. వాళ్ళను మోసిన చేతులివి."

గంగుబాయి అప్పటికే బొంత మడత పెడుతోంది. నేను పోతానన్నాను. ఇంటికి సొంతం కాని మనిషిని నేనొక్కదాన్నే.

"పెట్టె ఆగితె ఏం చెయ్యాల్నో వీళ్ళకు తెలుస్తదా?" అన్నాడు ఆశన్న కాక. "నువ్వుండాలె."

తరువాత నర్సింగరావు గారి ఎదుటికి పోయి నిలబడ్డాడు.

"సార్, ఒకటి అడుగుత. ముగ్గురు అంటె ఏ ముగ్గురైనా ముగ్గురే గద?"

"పట్టాల మీ పేరున్నది."

"నా పేరు కొట్టేసి ఆమె పేరు రాయిండ్రి. చేను ఆమె తల్లిదే."

నర్సింగరావు గారు పట్టా విప్పి మూడు పేర్లూ మళ్ళీ చదివారు. ఆఖరికి జేబులోంచి పెన్ను తీశారు.

ఆశన్న కాక కొక్కేనికున్న గొంగడి తీసుకున్నాడు. రుక్మవ్వ గడపలో నిలబడి, "చెవులు కప్పుకో," అంది. గంగుబాయి బయటికి రాలేదు. మడత పెట్టిన బొంత ఒళ్ళో పెట్టుకుని, విత్తనాల గది గడప మీద కూర్చుని ఉంది. ట్రాక్టరు చప్పుడు గుట్ట కిందికి దిగిపోయేదాకా అలాగే ఉంది.

పుష్య బహుళ పంచమి

మీటరు ఎనిమిది వందల దగ్గర ఉంది. లోపల పదిహేడు. లెక్క ప్రకారం అంతా సరిగ్గా ఉంది, ఇంట్లో మాత్రం ఊపిరి ఆడటం లేదు.

ఆయన పోయిన నాటి నుంచి రుక్మవ్వ గంగుబాయితో మాట్లాడలేదు. అంబలి గిన్నె తెచ్చి ముందు పెడుతుంది, పోతుంది. ఈ రోజు గిన్నె పెడుతుంటే గంగుబాయి ఆమె చెయ్యి పట్టుకుంది.

"తిట్టరాదా చెల్లె. తిట్టితె మంచిగుంటది."

"నిన్ను దాచిన," అంది రుక్మవ్వ. "దాచి నా మొగుణ్ణి పంపుకున్న. నిన్ను తిట్టాల్నా, నన్ను తిట్టుకోవాల్నా తెలుస్తలేదు."

"నేనిప్పుడు పోయి ఆయన్ను పంపనా?"

"ఇప్పుడు నువ్వు పోతె ఆయన పోయింది దేనికి?"

చెయ్యి విడిపించుకోలేదు. పక్కన కూర్చుంది. కాసేపటికి, ఆయనకు హాలులో జొన్నరొట్టె దొరుకుతుందా అని అడిగింది. దొరకదని, కానీ వంటశాలలో లచ్చవ్వ అనే మనిషి మంచిదని, అడిగితే ఇస్తుందని గంగుబాయి చెప్పింది.

"ఆయన అడుగుతడా?" అంది రుక్మవ్వ.

"ఇప్పుడు అడుగుతడు," అంది గంగుబాయి.

ఫాల్గుణ బహుళ విదియ

ఊరివాళ్ళు నిన్న తిరిగొచ్చారు. ఆశన్న కాక బండి చివర్న కూర్చుని వచ్చాడు. బాగా చిక్కాడు. కొంచెం దగ్గుతున్నాడు, భయపడాల్సిందేమీ లేదని చెబుతున్నాడు. రుక్మవ్వ వేడి నీళ్ళు తోడి స్నానం చేయించింది. గంగుబాయి దగ్గు తగ్గింది, ఒంట్లో సత్తువ ఇంకా రాలేదు. చేను కింది సగంలో తాను విత్తనం పెట్టుకుంటానంది. ఆయన సరేనన్నాడు. వాళ్ళిద్దరి మధ్యా ఇప్పటికీ మాటలు తక్కువే.

సంఘం ఇంటిని ఒప్పుకుంది. అబద్ధం రాసినందుకు ఇక మీద పరీక్ష ఇళ్ళలో నన్ను ఉంచరు. గీయడం మాత్రం గీయొచ్చు. మొదటి ఇల్లు ఊళ్ళోని భూమవ్వ వాళ్ళది. ఇంట్లో ఐదుగురం అని చెప్పింది.

మధ్యాహ్నం వసారాలో కాగితం పరిచి గాలిపెట్టె కొలతలు వేస్తుంటే ఆశన్న కాక వచ్చి పక్కన కూర్చున్నాడు. గీతలు అర్థం కాకపోయినా చాలాసేపు చూశాడు.

"ఇది ఎందరికి?"

"ఐదుగురికి కాకా. వాళ్ళు అంతే ఉన్నరట."

బయట మంచు కరిగి చూరు నుంచి కారుతోంది. చేన్లో ఇద్దరు ఆడవాళ్ళు విత్తనపు బస్తా ఒకటి చెరో కొస పట్టి మోసుకుపోతున్నారు. ఆయన వాళ్ళను చూసి, మళ్ళీ కాగితం వైపు చూశాడు.

"ఆరుగురికి గియ్యి బిడ్డా," అన్నాడు.

గీసిన గీత చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాను.